దూరం నీళ్ళొచ్చాక దగ్గరి ఊట ఏమైంది?

కాటేదాన్ అనగానే మన ఐటీ జనాలకి ఏం గుర్తొస్తుంది? నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ గుర్తు రాదు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దిగి, ఆరాంఘర్ దాటి, చెకిన్ టైమైపోతోందని క్యాబ్ డ్రైవర్ని తొందరపెడుతున్నప్పుడు ఎడమ పక్కన వెళ్ళిపోయే షెడ్లు, పొగగొట్టాలు, అప్పుడప్పుడూ ముక్కు మూసుకోవాల్సిన వాసన. అంతే. (ఆరాంఘర్ అంటే విశ్రాంతి తీసుకునే ఇల్లు. ఆ చౌరస్తాలో ఇప్పుడు ఆరాం తప్ప అన్నీ దొరుకుతాయి.)

అదే జనాలం శనివారం తెల్లారేసరికి ఎక్కడుంటాం? అనంతగిరి గుట్టల్లో టెంటు వేసుకుని ఉంటాం. లేదా కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాక్ ఎక్కి తెడ్డు వేస్తుంటాం. ఇంట్లో పిల్లల పోరు ఎక్కువైతే రావిర్యాల వాటర్ పార్కులో టికెట్ల లైన్లో ఉంటాం. నీళ్ళ పక్కన కాసేపు కూర్చోవాలంటే ఈ ఊళ్ళో పెట్రోలు పోయించుకుని బయల్దేరాల్సిందే, లేదా టికెట్ కొనుక్కోవాల్సిందే.

కానీ ఎయిర్‌పోర్టు దారిలోనే, కాటేదాన్‌కి పక్కనే ఉన్న శివరాంపల్లిలో, ఒకప్పుడు నవాబులు ఏరికోరి నీళ్ళు తెప్పించుకున్నారని చెప్పుకునే ఊట చెరువు ఒకటుంది. అది ఎలా చచ్చిపోయిందో చూస్తే అందులో ఒక ప్యాటర్న్ కనపడుతుంది. ఆ ప్యాటర్న్ అక్కడితో ఆగలేదు, హిమాయత్ సాగర్ దాకా వచ్చేసింది. దాన్ని ఆపగలిగేది ఏమిటో తెలుసా? నవ్వకండి... పిక్నిక్కు.

ఎందుకలా అంటున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ చెరువు పేరు బమ్-రుక్నుద్దౌలా. పేపర్లలో ఒక్కోరోజు ఒక్కో స్పెల్లింగుతో కనిపిస్తుంది. "బమ్" అంటే ఊట అని అర్థం చెప్తారు. రుక్నుద్దౌలా కట్టించిన ఊట చెరువు అన్నమాట. దీని గురించి ఎక్కడ చదివినా ఒకే వాక్యం కాపీ పేస్ట్ అయి ఉంటుంది: మూడో నిజాం సికందర్ జా దగ్గర ప్రధానిగా ఉన్న రుక్నుద్దౌలా 1770లో కట్టించాడు అని. ఇందులో ఒక బగ్ ఉంది. సికందర్ జా గద్దెనెక్కింది 1803లో. రుక్నుద్దౌలా, అంటే మీర్ మూసాఖాన్, 1765 నుంచి 1775 దాకా దివాను. ఆయన పనిచేసింది రెండో నిజాం, సికందర్ జా తండ్రి నిజాం అలీఖాన్ దగ్గర. 1775లో హత్యకి గురయ్యాడు. కాబట్టి 1770 అన్న సంవత్సరం ఆయన కాలానికి సరిపోతుంది గానీ, మూడో నిజాం మాత్రం పొసగడు. ఇంత చిన్న విషయం కూడా ఎవరూ సరిచూడకుండా ఏళ్ళ తరబడి రాస్తూ పోయారంటే, ఆ చెరువుని మనం ఎంత పట్టించుకున్నామో అర్థమవుతుంది.

ఈ నీళ్ళ గురించి చెప్పుకునే కథలు బోలెడు. చుట్టూ ఉన్న మూలికల చెట్ల వేర్లు తగిలి నీళ్ళకి ఔషధ గుణం వచ్చిందని, నిజాం ఇంట్లో ఇవే తాగేవారని, అత్తర్ల తయారీకి పట్టుకుపోయేవారని. మూలికల సంగతి నేను వాదించను. కానీ ఊట నీళ్ళు రుచిగా ఎందుకుంటాయో చెప్పడానికి మూలికలు అక్కర్లేదు, కాస్త భూగర్భ శాస్త్రం చాలు.

మన హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. పైన మట్టి, దాని కింద మొరం, అంటే కొన్ని లక్షల ఏళ్ళుగా వానకీ ఎండకీ మెత్తబడిన రాయి. ఇంకా కిందకి పోతే పగుళ్ళున్న రాయి, ఆపైన పగుళ్ళు కూడా లేని గట్టి బండ. వాన పడితే నీళ్ళు మొరంలోకి ఇంకుతాయి. బండ తగిలాక ఇక కిందకి పోలేక వాలు ఎటుంటే అటు నెమ్మదిగా పక్కకి జారతాయి. వాలులో ఎక్కడైనా నేల లోతుగా కోసుకుపోయి ఆ పొర బయటపడితే అక్కడ ఊట. వానాకాలంలో కురిసింది ఎండాకాలంలో కూడా బయటికొస్తుంది, అదీ మొరంలో వడపోసుకుని. అంతకంటే మంచి ఫిల్టరు ఆ రోజుల్లో నవాబుకి మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో కావాలి. ఊట అనేది ఔట్‌పుట్ మాత్రమే. ఇన్‌పుట్ ఎగువన ఉన్న నేల మొత్తం. ఊట ఉన్న చోట కంచె వేసి, ఎగువ నేలంతా సిమెంటు చేస్తే కంచె మిగులుతుంది, ఊట మిగలదు.

సరే, కథలోకి వద్దాం. రుక్నుద్దౌలా తర్వాత ముప్పై నలభై ఏళ్ళకి, 1804-06 మధ్యలో, ఇంకో దివాను మీర్ ఆలం అక్కడికి దగ్గర్లోనే పెద్ద చెరువు కట్టించాడు. అదే మీర్ ఆలం ట్యాంక్. దాని కట్టని ఎప్పుడైనా చూసారా? తిన్నగా ఉండదు. ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు గోడలు వరసగా భుజం భుజం కలిపి నిలబడ్డట్టుంటుంది. ప్రతి కమానూ నీళ్ళ బరువుని తన పక్కనున్న స్తంభాల మీదకి నెట్టేస్తుంది. రెండు వందల ఏళ్ళు దాటినా నిలబడింది. మన డిజైన్లు ఎన్నాళ్ళు నిలబడతాయో మనకి తెలుసు కాబట్టి ఆ విషయం వదిలేద్దాం. పాతబస్తీ ఒక శతాబ్దం పాటు ఆ నీళ్ళు తాగింది.

తర్వాత 1908 సెప్టెంబర్ 28. మూసీ వరద. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఊరికి ఎగువన రెండు జలాశయాలు కడితే వరదా ఆగుతుంది, తాగునీరూ వస్తుందన్నారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద, ఇప్పటి శంషాబాద్‌కి పక్కన, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. ఏడో నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టారు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడన్న నానుడి అప్పటి సంగతే. నిజాం గారు గండిపేట గట్టున సాగర్ మహల్ అని ఒక వేసవి విడిది కూడా కట్టించుకున్నారు. అంటే నీళ్ళ పక్కన వీకెండు గడపడం మనం కనిపెట్టిన ఫ్యాషనేం కాదు.

మరి కొళాయిలో గండిపేట నీళ్ళొచ్చాక మీర్ ఆలం చెరువుని తాగునీటి కోసం కాపలా కాయాల్సిన అవసరం ఎవరికుంటుంది? శివరాంపల్లి ఊట దగ్గరకి మనుషుల్ని పంపే అవసరం ఎవరికుంటుంది? ఎవరికీ ఉండదు. ఎవరూ కుట్ర చెయ్యలేదు. దూరం నుంచి పైపొచ్చింది, దగ్గరి నీళ్ళు అనాథ అయ్యాయి. నేను చెప్పిన ప్యాటర్న్ ఇదే.

అనాథ నీళ్ళకి ఏమవుతుందో చూడాలంటే కాటేదాన్ చూడాలి. అక్కడ పారిశ్రామికవాడ వెలిసింది. బట్టల అద్దకాలు, నూనె మిల్లులు, బ్యాటరీలు, లోహాలకి పూత పూసే యూనిట్లు, రసాయనాలు. వ్యర్థాలు ఎక్కడికి పోవాలి? వాలు ఎటుంటే అటు. పక్కనే ఉన్న నూర్ మహమ్మద్ కుంట ఫ్యాక్టరీల తొట్టి అయిపోయింది. ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు కాటేదాన్ మట్టిని పరీక్ష చేసి 2008లో ఫలితాలు అచ్చు వేసారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం... లిస్టు చదువుతుంటే కెమిస్ట్రీ పరీక్ష గుర్తొస్తుంది. ఇందాక చెప్పుకున్నాం కదా, మొరం మంచి ఫిల్టరని. ఆ ఫిల్టరులోనే విషం పోసాం. ఫిల్టరుకి మంచీ చెడూ తెలియదు, వచ్చినదాన్ని పట్టి ఉంచుతుంది, తర్వాత వానకింత చొప్పున కిందకి వదుల్తుంది. అక్కడ పనిచేసేవాళ్ళు, చుట్టుపక్కల బస్తీల్లో ఉండేవాళ్ళు దాని పక్కనే బతుకుతున్నారు. వాళ్ళకిది చరిత్ర వ్యాసం కాదు.

బమ్-రుక్నుద్దౌలా సంగతి వేరేగా జరిగింది. అక్కడ నీళ్ళకంటే ముందు నేల పోయింది. నూట నాలుగు ఎకరాల చెరువు పద్దెనిమిది ఎకరాలకి వచ్చిందని పేపర్లు రాసాయి. మట్టి పోసి, చదును చేసి, ప్లాట్లు వేసి, అపార్ట్‌మెంట్లు లేపారు. ఊట చెరువు ఎండాకాలం తగ్గుతుంది, వానాకాలం పెరుగుతుంది. ఎండాకాలంలో వచ్చి చూసిన రియల్ ఎస్టేట్ కళ్ళకి అది ఖాళీ జాగా లాగే కనిపిస్తుంది మరి.

ఇప్పుడు హిమాయత్ సాగర్ వైపు వెళ్దాం. అక్కడ కథ చాలాకాలం మంచిగానే నడిచింది, ఎందుకంటే జనం ఇంకా ఆ నీళ్ళు తాగుతున్నారు. 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. రెండు జలాశయాలకీ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, భారీ కాలనీలు కట్టకూడదు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి: కంచె చెరువుకి వెయ్యలేదు, ఎగువ నేలకి వేసారు. అందులో ఇంకో విశేషం ఉంది. పరీవాహక ప్రాంతంలో తొంభై శాతం నేలని వినోదానికీ పరిరక్షణకీ కేటాయించిన జోనుగా ఉంచాలన్నారు. వ్యవసాయం, తోటలు అందులోనే. వినోదం అన్న మాట ప్రభుత్వ ఉత్తర్వులోనే ఉంది, నా సొంత కవిత్వం కాదు!

ఆ నియమం నిలబడుతుందా లేదా అన్న పరీక్ష శంషాబాద్ మండలంలోని పెద్దషాపూర్ దగ్గరే జరిగింది. ఒక ఆముదం ఉత్పత్తుల కంపెనీ పరిధి లోపలే ఫ్యాక్టరీ పెట్టబోయింది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది, ప్రభుత్వం మాత్రం మినహాయింపు ఇచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకి పోయింది. 1999 జనవరిలో ఒక తీర్పు, 2000 డిసెంబర్లో ఇంకొకటి. లా చదివేవాళ్ళందరికీ ఈ కేసు తెలుసు, ఎం.వి. నాయుడు కేసంటారు. హాని జరుగుతుందని జనం రుజువు చెయ్యక్కర్లేదు, హాని జరగదని కట్టేవాడే రుజువు చెయ్యాలి అన్న సూత్రాన్ని కోర్టు ఆ కేసులో వివరంగా చెప్పింది. తాగునీరు జీవించే హక్కులో భాగమంది. మినహాయింపు చెల్లదంది. మనం ఎయిర్‌పోర్టుకి పోయే దారికి కూతవేటు దూరంలో ఉన్న ఊరి నుంచి ఇంత పెద్ద సూత్రం పుట్టిందని మనలో ఎంతమందికి తెలుసు?

కానీ ఆ తీర్పు బలం మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది: తాగునీరు. తాగడం మానేస్తే?

మానేసాం. 1965లో మంజీరా, తర్వాత సింగూరు, 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది, అదే ఏడాది గోదావరి. వంద కిలోమీటర్ల పైనుంచి నీళ్ళని పంపుల మీద పంపులు పెట్టి ఎత్తి పోసుకుంటున్నాం. 2022 ఏప్రిల్లో జీవో 69 వచ్చింది. జీవో 111కి గుండెకాయ లాంటి ఆంక్షల పేరాని తీసేసింది. కారణం ఏం చెప్పారో ఊహించగలరా? నగరం ఇప్పుడు ఈ రెండు జలాశయాల మీద తాగునీటి కోసం ఆధారపడట్లేదు అని.

1927లో ఊట చెరువుకి జరిగింది 2022లో హిమాయత్ సాగర్‌కి జరిగింది. ఈసారి ఉత్తర్వు నంబరుతో సహా. తేడా అంతే.

మరి తాగునీరన్న కాపలాదారు వెళ్ళిపోయాక కాపాడేది ఎవరు? ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్న ఊరు ఒకదాని సంగతి చెప్పాలి. టెక్సస్‌లోని ఆస్టిన్. అక్కడున్న మీ ఫ్రెండ్స్‌ని అడగండి, జిల్కర్ పార్కులో బార్టన్ స్ప్రింగ్స్ అని ఉంటుంది. ఊరి మధ్యలో, మూడెకరాల ఈత కొలను. నీళ్ళు భూమిలోంచి ఊరతాయి, ఏడాది పొడుగునా ఇరవై ఇరవై ఒక్క డిగ్రీల దగ్గరే ఉంటాయి. క్లోరిన్ కలపరు. గురువారం మూసేసి తోముకుంటారు.

ఆస్టిన్ ఆ నీళ్ళు తాగదు. వాళ్ళ తాగునీరు కొలరాడో నది నుంచి (ఇది టెక్సస్‌లోని కొలరాడో, గ్రాండ్ కాన్యన్‌ది కాదు). అంటే మన ప్యాటర్న్ ప్రకారం ఆ ఊట ఎప్పుడో పోవాలి. పోయేదే కూడా. 1990లో ఎగువన నాలుగు వేల ఎకరాల్లో ఇళ్ళూ ఆఫీసులూ కడతామని ఒక కంపెనీ వచ్చింది. జూన్ 7న సిటీ కౌన్సిల్ మీటింగుకి జనం పోటెత్తారు. వందలమంది ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతూ తెల్లారిపోయింది. కౌన్సిల్ ఆ ప్రాజెక్టుని తిరస్కరించింది. 1992లో జనం ఓటేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. ఊటకి నీళ్ళిచ్చే ఎగువ ప్రాంతంలో కొత్తగా కట్టేవాళ్ళు తమ స్థలంలో పదిహేను నుంచి ఇరవై ఐదు శాతానికి మించి సిమెంటుతో, తారుతో కప్పకూడదు. మన జీవో 111 కంటే నాలుగేళ్ళు ముందు, అదే ఆలోచన.

ఇంకా విచిత్రం వినండి. 2003లో ఆ నీళ్ళలో కాలుష్యం ఉందని పేపర్లో వస్తే నెలల తరబడి కొలను మూసేసి పరీక్షలు చేసారు. ఆ వెతుకులాట చివరికి ఎక్కడ తేలిందంటే, పార్కింగు స్థలాలకి నల్లగా మెరవడానికి పూసే బొగ్గు తారు పూతలో. వానకి అది కొట్టుకుపోయి వాగుల్లో చేరుతోంది. 2006 నుంచి ఆ పూతని ఊళ్ళోనే నిషేధించారు. మనమైతే దాన్ని కనుక్కునేవాళ్ళమా? కనుక్కోము, ఎందుకంటే మన ఊట చెరువులో ఎవరూ మునగట్లేదు. మునిగేవాడికే నీళ్ళు మారిన సంగతి ముందు తెలుస్తుంది.

అందుకే పిక్నిక్కు అన్నాను. తాగునీరన్న కారణం పైపుతో పాటే వెళ్ళిపోతుంది. సరదా అన్న కారణం వెళ్ళదు. పదేళ్ళ పిల్లాడు ఈత నేర్చుకున్న చెరువు మీద ఎవడైనా మట్టి పోస్తే, వాడికి నలభై ఏళ్ళొచ్చాక కూడా ఒళ్ళు మండుతుంది. ఫెన్సింగ్ అవతలనుంచి చూసిన చెరువు మీద అంత ప్రేమ పుట్టదు.

"తాగడానికే దిక్కులేని బస్తీలుంటే నీకు ఈతల గోలేంటి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ గమనించండి, మనం వీకెండుకి వికారాబాద్ పోగలం, కాటేదాన్ షెడ్డులో పనిచేసేవాడు పోలేడు. వాటర్ పార్కు టికెట్ పెట్టి నలుగురున్న కుటుంబాన్ని తీసుకెళ్ళలేడు. ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉన్న చెరువు ఒక్కటే వాడికి పార్కు. దాన్ని పోగొట్టి దూరంలో టికెట్ పెట్టిన నీళ్ళు చూపిస్తే మనకి పోయింది కాస్త పెట్రోలు, వాడికి పోయింది మొత్తం.

ఇప్పుడిదంతా ఎందుకంటే, బమ్-రుక్నుద్దౌలాకి మళ్ళీ ఊపిరి పోసే ప్రయత్నం మొదలైంది. 2024 ఆగస్టులో హైడ్రా అక్కడి ఆక్రమణలు కొన్ని కూల్చింది. తర్వాత మొదటి విడతలో బాగుచెయ్యడానికి ఎంచుకున్న ఆరు చెరువుల్లో దీన్నీ చేర్చింది. అదే జాబితాలోని అంబర్‌పేట బతుకమ్మ కుంటలో 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలెట్టగానే కొద్ది లోతులోనే నీళ్ళు ఉబికాయి. సిమెంటు కింద ఇన్నేళ్ళుగా భూమి తన పని తను చేసుకుంటూనే ఉందన్నమాట. ఆ వార్త చదివి నాకు నిజంగా సంతోషమేసింది.

అయితే నా భయం నాకుంది. మన దగ్గర చెరువు బాగుచెయ్యడమంటే చుట్టూ వాకింగ్ ట్రాక్, రెయిలింగు, రంగు లైట్లు, ఓ సెల్ఫీ పాయింటు. హిమాయత్ సాగర్ పక్కన కొత్వాల్‌గూడలో 2022 అక్టోబర్లో శంకుస్థాపన చేసిన ఎకో పార్కు ప్లానులో క్యాంపింగ్ టెంట్లు కూడా ఉన్నాయి. మంచిదే, నేను వద్దనను. కానీ టెంటు వేసినవాడు పొద్దున్నే లేచి మొహం కడుక్కోలేని నీళ్ళ పక్కన టెంటు ఎందుకు?

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన భాషలోనే అడుగుతున్నా: ఈ ప్రాజెక్టుకి అక్సెప్టెన్స్ టెస్టు ఏమిటి? ట్రాక్ పొడవా, లైట్ల సంఖ్యా? నా లెక్కలో ఒక్కటే టెస్టు. ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పులు విడిచి ఆ నీళ్ళలో కాలు పెట్టాలి, పక్కనున్న వాళ్ళమ్మ "వద్దు, రా!" అని అరవకూడదు. అది పాసవ్వాలంటే మిగతావన్నీ వరసగా జరగాలి. కాటేదాన్ వైపు నుంచి మురుగు రాకూడదు. నీళ్ళలో, అడుగు మట్టిలో సీసం ఎంతుందో నెలనెలా పరీక్ష చేసి గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో రాయాలి. ఎగువన మిగిలిన నేలలో వాన ఇంకే చోటు ఉంచాలి. చుట్టుపక్కల బోర్లు ఎంత లోతుకి పోతున్నాయో లెక్క ఉండాలి. పొర ఎండిపోయాక కుంట ఎంత తవ్వినా అది ఊటవదు, ట్యాంకరుతో నింపే తొట్టవుతుంది.

ఇందులో ఏదీ రాకెట్ సైన్సు కాదు. పెద్దషాపూర్ కేసులో కోర్టు చెప్పిన సూత్రం ఉంది, జీవో 111 రాసిన బుర్రలు మనవాళ్ళవే, పరీక్షలు చెయ్యడానికి ఎన్.జి.ఆర్.ఐ. హబ్సిగూడలోనే ఉంది. లేనిదల్లా ఆ నీళ్ళు నావి అని అడిగేవాళ్ళు. నవాబుల కాలంలో దానికి ఒక యజమాని ఉండేవాడు, తాగునీటి కాలంలో ఒక శాఖ ఉండేది. ఇప్పుడు ఆ ఖాళీలో కూర్చోవాల్సింది ఆదివారం పూట టిఫిన్ డబ్బా పట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని వచ్చే జనం.

ఈసారి ఎయిర్‌పోర్టుకి కాస్త ముందుగా బయల్దేరితే ఆరాంఘర్ దగ్గర దిగి ఓసారి శివరాంపల్లి వైపు వెళ్ళి చూసి రండి. అక్కడ పనిచేస్తున్నవాళ్ళు ఎవరైనా కనిపిస్తే నీళ్ళ పరీక్ష రిపోర్టు ఎక్కడ పెడతారని అడగండి. ఒకరు అడిగితే పిచ్చివాడనుకుంటారు. వందమంది అడిగితే బోర్డు పెడతారు.